నా నోట పలకని పేరు

నేను పనిచేసే ఇంటి మామా రోజుకు యాభైసార్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. రోద్రీగో, టీవీ తగ్గించు. రోద్రీగో, తువ్వాలు ఎక్కడ పడేశావు. ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను కాబట్టే చెబుతున్నాను. అన్నిసార్లు పిలిచినా ఆ మనిషికి జలుబు కూడా చేయలేదు. నేను ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో మా ఆయన పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. మరి ఆయన నలభై నాలుగేళ్ళకే ఎందుకు పోయాడో వాళ్ళిద్దరిలో ఎవరైనా వచ్చి నాకు చెప్పాలి.

నా పేరు మునిలక్ష్మి. మాది రాయచోటి దగ్గర ఒక పల్లె. కువైట్‌లో పన్నెండేళ్ళుగా ఇళ్ళల్లో పని చేస్తున్నాను. ఇక్కడ యజమానురాలిని మామా అని పిలవడం అలవాటు. ఇప్పటి మామా పేరు హిమేనా, మెక్సికో ఆమె. భర్త రోద్రీగో ఇంజనీరు. వాళ్ళింట్లో పని నాకు దొరికింది కాదు, నేను వెతుక్కుంటూ వచ్చింది. మా పాత మామా వేరే ఇంటికి మారడానికి రిలీజ్ ఇస్తానన్న రోజే, ఫహాహీల్‌లో రోద్రీగో అనే మెక్సికో ఇంజనీరు ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మను చూసుకునే మనిషి కావాలట అని తోటి పనిమనిషి పుష్పలత చెప్పింది. ఆ పేరు వినగానే నా కాళ్ళు ఆగలేదు. ఆ రోద్రీగోను బతికించి మా ఆయన చచ్చిపోయాడు. ఎవరి కోసం చచ్చాడో ఆ మొహాన్ని ఒకసారి చూడాలనుకున్నాను. చూసి ఏం చేయాలో అప్పటికి అనుకోలేదు.

జరిగింది ఇది. మా ఆయన కూడా ఇక్కడే, మంగఫ్ క్యాంపులో ఉండేవాడు, తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి సైటుకు వెళ్ళేవాడు. రెండేళ్ళ కిందట జూలైలో ఒక లోతైన గుంత మూత తీశారు. అందులో గ్యాస్ ఉందో లేదో మీటరు పెట్టి చూడాలి. మా ఆయన ఊళ్ళో బావులు తవ్వినవాడు, లోపల గాలి చెడితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మీటరు పెట్టమని ఫోర్‌మన్‌ను అడిగాడు. ఫోర్‌మన్ సోమేశ్వరరావుది అమలాపురం వైపు. అంతా చూసేశాం, యల్లా, పని కానివ్వండి అన్నాడట. ఆ మాట నమ్మి ముందు దిగిన ఇంజనీరు రోద్రీగో నాలుగు మెట్లు దాటేలోపే కూలిపోయాడు. మా ఆయన మొహానికి తువ్వాలు చుట్టుకుని, తాడు పట్టుకుని దిగాడు. ఇంజనీరుకు ముడి వేసి పైకి పంపాడు. మళ్ళీ తాడు కిందికి వచ్చేసరికి దాన్ని పట్టుకునే ఓపిక ఆయనకు లేదు. మాస్కులవాళ్ళు వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది.

ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. రెండోరోజు ఒక్క గంటసేపు తెలివి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని అంతా చెప్పాడు. "ఇంజనీరుకు ముడేసి పంపిస్తి మునీ. నాకేసేదానికి ఎవురూ దిగల్యా. సోమేశ్వరరావు పైనే నిలబడి చూస్తాండె." అవే ఆయన చివరి మాటలు.

చనిపోయిన వారానికి మిర్కాబ్‌లోని కంపెనీ ఆఫీసుకు నన్ను పిలిపించారు. మలయాళీ క్లర్కు ఒకాయన కాగితం ముందు పెట్టుకుని, హిందీలో మొదటి ప్రశ్న అడిగాడు. నీ భర్త పేరేమిటి? నేను తల దించుకున్నాను. మనిషి పోయాడని తెలుసు, ఇంక తగ్గడానికి ఆయుష్షే లేదనీ తెలుసు. అయినా నోరు రాలేదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా బిగుసుకున్న నోరది. పక్క కుర్చీలో సోమేశ్వరరావు ఉన్నాడు. ఎంతో జాలిగా, "ఆవిడ చెప్పదండి, వాళ్ళల్లో మొగుడి పేరు పలకరు. నేను చెప్తాను, ఆవిడ సంతకం పెడుతుంది" అన్నాడు. పేరు చెప్పడానికి తెరిచిన నోరు ఇంక మూయలేదు. కాగితం నిండేదాకా వాడే చెప్పాడు. అరబ్బీలో రాసింది నాకేం అర్థమవుతుంది? సంతకం పెట్టాను.

ఆ కాగితంలో ఏముందో నెలకు గానీ తెలియలేదు. పనివాడు చెప్పిన మాట వినకుండా గుంతలోకి దిగాడట. వాణ్ణి చూడబోయి ఇంజనీరు పడిపోయాడట. సోమేశ్వరరావు ప్రాణాలకు తెగించి దిగి ఇంజనీరును కట్టి పైకి పంపాడట. దానికింద నా సంతకం. ఇంజనీరుకు ఆ గ్యాస్ దెబ్బకు ఆ పొద్దున జరిగిందేదీ గుర్తు లేదు. తాడు లాగిన ఇద్దరు నేపాలీలను వారంలోపే ఇంటికి పంపేశారు. మా ఊళ్ళో అయితే, తెలివితక్కువగా దిగి చచ్చాడట అనే మాటే మిగిలింది. నా కూతురు కూడా ఫోన్‌లో ఒకసారి, నాన్న అట్లా ఎందుకు చేసినాడమ్మా అని అడిగింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. సోమేశ్వరరావు మీద పగ నాకు ఆ రోజే పూర్తిగా పట్టింది.

రోద్రీగో ఇంట్లో చేరిన మొదటిరోజు హాల్లో అలమర తుడుస్తున్నాను. నీలం ముసుగు వేసుకున్న మేరీమాత పటం, దాని ముందు కొవ్వొత్తి, పక్కనే ఒక గాజుపెట్టె. చావు తప్పి బయటపడ్డవాళ్ళు ఆ గండానికి గుర్తుగా ఏదో ఒక వస్తువు తెచ్చి ఆ తల్లి దగ్గర పెట్టడం వాళ్ళ ఆచారమని మామా చెప్పింది. పెట్టెలో జానెడున్నర తాడు ఉంది. ఆసుపత్రిలో ముడి విప్పే తీరిక లేక కత్తెరతో అటూ ఇటూ కోసేశారు. ముడి మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ ముడి మా ఇంటిది. బావిలో మనిషి స్పృహ తప్పితే, చంకల కింద ఒక చుట్టు, తొడల కింద ఒక చుట్టు వేసి రొమ్ము మీద వేసే ముడి. ఎంత బరువు వేలాడినా జారదు, ఊపిరాడకుండా బిగుసుకోదు. మా మామగారి తాతల నుంచి వస్తున్నది. అందరూ కుడివైపు తిప్పి వేస్తారు. మా ఆయనది ఎడమచేతి వాటం, ఎడమవైపు తిప్పేవాడు. పెట్టెలోని ముడి ఎడమవైపు తిరిగి ఉంది. మా ఇళ్ళల్లో బావి పైన తాడు పట్టుకునేది భార్యే. పెళ్ళయిన మొదటి నెలలోనే ఆయన నాకు ఆ ముడి నేర్పాడు, తన చేతివాటంతోనే నేర్పాడు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చాను. ఏడుపు అయిపోయింది. కోపం మాత్రం అవలేదు.

ఆ రోజే చెప్పెయ్యొచ్చు కదా అని మీరు అడుగుతారు. ఎలా చెప్పను? కాగితం మీద నా సంతకముంది. ఒకవైపు పనిమనిషి, ఒకవైపు ప్రాణం పోసిన ఫోర్‌మన్. పైగా నాకు నిజం బయటపడితే చాలదు. వాడి నోటితోనే వాడు పట్టుబడాలి, అదీ నలుగురిలో. అందుకని నేను ఎవరి భార్యనో చెప్పకుండా నోరు కట్టుకుని కూర్చున్నాను. నోరు కట్టుకోవడంలో నాకున్న అనుభవం ఎవరికుంది?

మామాకు అప్పుడు అయిదో నెల. కడుపులో ఉన్నది మగపిల్లాడని స్కానింగ్‌లో చెప్పారు. రోజూ మధ్యాహ్నం కాళ్ళు నా ఒళ్ళో పెట్టి, నేను కొబ్బరినూనె రాస్తుంటే, ఫోన్‌లో మగపిల్లల పేర్లు చదివేది. ఇంగ్లీషులో అర్థం చెప్పి, ఎలా ఉంది లక్ష్మీ అని అడిగేది. మతేయో అంటే దేవుడిచ్చిన కానుక. రఫాయేల్ అంటే దేవుడు నయం చేశాడని. విసెంతే అంటే గెలిచేవాడు. హెసూస్ అంటే సాక్షాత్తూ ఏసే. మగపిల్లాడికి ఏసు అని పేరు పెట్టి, ముద్దుగా చూయ్ అని పిలిచి, అల్లరి చేస్తే చెవి మెలిపెడతారట. నాకు నవ్వొచ్చింది. మేమూ వెంకటరమణ అని పేరు పెట్టి వీపు వాయగొడతాం కదా.

తెల్లవాళ్ళు రాకముందు వాళ్ళ పాత రాజుల నాటి పేర్లు వేరే ఉన్నాయి. తొనాతియూ అంటే సూర్యుడు. క్వావుతెమోక్ అంటే కిందికి దిగే గద్ద. ఇత్స్‌కోవాత్ల్ అంటే నల్లరాతి పాము. ఇది చదివి మామా మూతి ముడిచింది, బిడ్డకు పాము పేరు ఎవరు పెడతారు అంది. అది పెద్ద రాజు పేరు అని లోపలి నుంచి రోద్రీగో అరిచాడు. ఆమె పాదం మీద నా చెయ్యి ఆగిపోయింది. మా వైపు పాము పేరు లేని ఇల్లుండదు మామా, మా ఇంట్లోనూ ఉంది అన్నాను. ఎవరిది అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

చివరికి రోద్రీగో ఒక పేరు తేల్చాడు. సల్వదోర్. అంటే రక్షించినవాడు. వాళ్ళకు ఒక్క పేరు చాలదు. ముందు రెండు పేర్లు, తర్వాత తండ్రి ఇంటిపేరు, దాని వెనక తల్లి ఇంటిపేరు. ఆ రెండో పేరు సోమేశ్వర్ అన్నాడు. నా ప్రాణం నిలబెట్టిన మనిషి పేరు నా కొడుకు బతికున్నంత కాలం మోయాలి అని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. మంచివాడే. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా మండింది. మా ఆయన ప్రాణం పోయింది, మాట పోయింది, ఇప్పుడు ఆ చావుకు దక్కాల్సిన ఒక్క పేరూ ఆ దొంగకు పోతోంది.

సోమేశ్వరరావు ఆ ఇంటికి నెలకోసారి వచ్చేవాడు. మొదటిసారి నేను టీ తెచ్చి ఇస్తే మొహం పాలిపోయింది. కాసేపటికి నీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చాడు. "ఏంటమ్మా, ఇక్కడ తేలావేంటి? పాతవన్నీ కెలక్కు. కాగితం మీద నీ సంతకముంది, నీ ఇఖామా రద్దయితే ఈ దేశంలో ఉండలేవు, చూసుకో" అన్నాడు. నేను తల దించుకుని, కూలికి వచ్చినా సార్, నాకేం తెల్దు అన్నాను. వాడు నమ్మాడు. నా తల దించుకోవడం మీద వాడికి అంత నమ్మకం.

తర్వాత ఇక వాడికి అడ్డు లేదు. వచ్చినప్పుడల్లా ఆ కథ చెప్పేవాడు. మొదట గుంతలో ఊపిరి బిగబట్టి రెండు నిమిషాలున్నానన్నాడు, ఆ పైనెల మూడు, చివరికి అయిదు. ఒకే పేరున్న ఇద్దరు మెక్సికోలో ఒకరినొకరు తొకాయో అని పిలుచుకుంటారని ఎవరు చెప్పారో, మామా కడుపు వైపు చూసి, "తొకాయో, తొందరగా రా" అని నవ్వాడు. నా చేతిలో మరిగే టీ ఉంది. అది వాడి తొడల మీద పోయకుండా ఆపుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి.

బిడ్డ పుట్టాడు. ఎర్రగా, ఒత్తుగా జుట్టుతో. ఇరవయ్యో రోజు శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు పెట్టుకున్నారు. అక్కడ పేరు అందరికీ చెప్పి, ఆదివారం ఎంబసీలో కాగితాలు ఇస్తారు. అక్కడ రాసుకున్నాక ఆ పేరు ఇంక మారదని మామా చెప్పింది. అంటే నాకున్నది ఆ ఒక్క మధ్యాహ్నం. గురువారం సరుకుల పని మీద షర్క్ వెళ్ళినప్పుడు, చేపల మార్కెట్ దగ్గర పడవల సామాను అమ్మే కొట్టులో ఆ మందమే ఉన్న తాడు ఆరు బారలు కొన్నాను.

శుక్రవారం హాలు నిండింది. నాలుగు మెక్సికో కుటుంబాలు, రోద్రీగో పైఆఫీసరు, పట్టుచీరలో భార్య సత్యనారాయణమ్మను వెంటబెట్టుకుని సోమేశ్వరరావు. పూతరేకుల డబ్బా కూడా తెచ్చాడు. రోద్రీగో బిడ్డను ఎత్తుకుని పేరు చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు జరిగింది నీ నోటితో ఇంకోసారి చెప్పు అని సోమేశ్వరరావును అడిగాడు. వాడు గాజుపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. నేనే దిగాను, నేనే కట్టాను, ఈ చేతులతోనే అని పదిహేనుమంది ముందు చెప్పాడు. నాకు కావాల్సింది అదే.

పళ్ళెం కింద పెట్టి తాడు తెచ్చాను. రోద్రీగోతో ఇంగ్లీషులోనే, సార్, ఆ ముడి ఎలా వేశారో ఒకసారి చూపించమనండి, బాబు పెద్దయ్యాక వీడియో చూపించొచ్చు అన్నాను. అందరికీ నచ్చింది. ఫోన్లు బయటికి వచ్చాయి. రోద్రీగో నవ్వుతూ చేతులు చాపి ఎదురుగా నిలబడ్డాడు. సోమేశ్వరరావు నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు.

వాడు చంకల కింద తాడు తిప్పి ఏదో ముడి వేశాడు. పైఆఫీసరు సరదాగా లాగాడు, తాడు బిగుసుకుపోయి రోద్రీగో అబ్బా అన్నాడు. రెండోది జారిపోయింది. మూడోసారికి ఏసీలో కూడా వాడి చొక్కా తడిసింది. రెండేళ్ళయింది కదండీ, కంగారులో ఎలా వేశానో అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు దించారు.

నేను ముందుకు వెళ్ళి వాడి చేతిలోంచి తాడు తీసుకున్నాను. చంకల కింద ఒక చుట్టు, తొడల కింద ఒక చుట్టు, రొమ్ము మీద ఎడమవైపు తిప్పి ముడి. నాలుగు ఊపిర్లు కూడా పట్టలేదు. లాగండి అన్నాను. పైఆఫీసరు రెండు చేతులా లాగాడు, రోద్రీగో మునివేళ్ళ మీదికి లేచాడు గానీ తాడు బిగుసుకోలేదు. గాజుపెట్టె తెచ్చి ఆ ముడి పక్కన పెట్టాను. అందరూ వంగి చూశారు. రెండూ ఒకటే.

ఇది నీకెలా వచ్చు అని రోద్రీగో అడిగాడు. నవ్వు పోయింది. మా ఆయన నేర్పాడు సార్, మిమ్మల్ని కట్టింది ఆయనే, పైకి పంపి లోపలే ఉండిపోయిందీ ఆయనే అన్నాను. మీటరు సంగతి, నేపాలీల సంగతి, మిర్కాబ్ కాగితం సంగతి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. తప్పులతోనే చెప్పాను. రోద్రీగో ఒంటి మీద ఇంకా నా తాడు అలాగే ఉంది. "ఆయన పేరేమిటి?" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఇంత కూడగట్టుకుని, ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే నోరు, అదే బిగుసుకోవడం. ఆ సందు సోమేశ్వరరావుకు చాలు. ముందుకు వచ్చి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆవిడ చెప్పదండి, వాళ్ళల్లో మొగుడి పేరు పలకరు, నేను చెప్తాను. అవే మాటలు. ఒక్క ముక్క మార్చలేదు.

"నువ్వు నోరు మూసుకో సార్" అన్నాను తెలుగులో. "ఈసారి నేనే చెప్తా."

చెప్పాను. నాగరాజు. ఒకసారి మెల్లగా, రెండోసారి గట్టిగా, మూడోసారి వాడి మొహం మీద. నాగరాజు. ఇల్లు కూలలేదు, ఏమీ కాలేదు. ఈ పేరు పెట్టి నేను ఆయన్ని బతికుండగానే పిలిచి ఉండాల్సింది. ఆయన నిద్రపోతున్నప్పుడైనా చెవిలో పిలిచి ఉండాల్సింది. ఆ సంగతి తలుచుకుని అప్పుడు ఏడ్చాను, అందరి ముందూ.

ఆ పేరుకు అర్థమేమిటని మామా అడిగింది. పాముల రాజు అన్నాను. ఆమె రోద్రీగో వైపు చూసింది. మన వాళ్ళల్లోనూ పాము పేరున్న రాజు ఉన్నాడు కదా అంది మెల్లగా. సత్యనారాయణమ్మ పట్టుచెంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. సోమేశ్వరరావు ఆమె వెనకే వెళ్ళాడు. పూతరేకుల డబ్బా ఎవరూ విప్పలేదు, సాయంత్రం నేనే చెత్తలో వేశాను.

ఆదివారం ఎంబసీలో రాయించిన పేరు సల్వదోర్ నాగరాజు. దాని వెనక తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు. ఇప్పుడు ఆ ఇంట్లో రోజుకు యాభైసార్లు పిలిచేది నేను. నాగరాజూ, పాలు తాగు. నాగరాజూ, పడుకో. మా ఊరికి వీడియో కాల్ చేసినప్పుడు కావాలనే గట్టిగా పిలుస్తాను.

రెండు వారాల తర్వాత కంపెనీ ఆ కేసు మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే మిర్కాబ్ ఆఫీసు, అదే మలయాళీ క్లర్కు. బయట వరండాలో సోమేశ్వరరావు నా కాళ్ళ మీద పడబోయాడు. "తల్లీ, పొరపాటైపోయిందమ్మా, కుటుంబం ఉన్నవాణ్ణి" అన్నాడు. నాకూ ఉండింది సార్ అని చెప్పి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. వాడి మీద నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు చూసుకున్నాను కూడా, కలగలేదు.

లోపల రోద్రీగో, పైఆఫీసరు ఒక పక్కన ఉన్నారు. రెండేళ్ళ కిందట నేను కూర్చున్న కుర్చీలో సోమేశ్వరరావు, వాడు కూర్చున్న కుర్చీలో నేను. క్లర్కు తెల్లకాగితం తీసి, హిందీలో మొదటి ప్రశ్న వాణ్ణి అడిగాడు. ఇంజనీరుగారి కోసం గుంతలోకి దిగిన మనిషి ఎవరు? వాడు తల దించుకున్నాడు. క్లర్కు మళ్ళీ అడిగాడు. వాడి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

నేను కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాను.

"ఆయన చెప్పలేడు సార్" అన్నాను. "నేను చెప్తా, ఆయన సంతకం పెడతాడు. మొదట మా ఆయన పేరు రాసుకోండి. నాగరాజు."